ఎన్నో బ్లాకు దగ్గరున్నావు?

డుంగా రేవులో తెల్లవారుజాము నాలుగున్నర.
సరస్సు మీంచి లాంతర్లు ఒక్కొక్కటే ఒడ్డుకొస్తాయి,
వాటి కింద తడి పడవల నిండా
వెండి పొట్టులా ఒమెనా చేపలు.

ఆ రోజు అపొండి ఫోను
"మీ ఖాతాలో ఏమీ లేదు" అంది.
రాత్రే వేసిన డబ్బు,
పదకొండుమంది ఆడవాళ్ళ సంఘం డబ్బు.
పడవవాడు కాసేపు ఆగాడు.
కంపాలా లారీ ఆగలేదు.

నింద నా మీదికే వచ్చింది, రావాలి కూడా.
యాప్ రాసింది నేను.
ఉచితమని, ఎక్కడో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని నోడ్‌కి
ఒకే ఒక్క చిరునామాతో దాన్ని కట్టేసింది నేను.
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలు.

లాగులన్నీ తిరగేశాను.
ఆ నోడ్ చచ్చిపోలేదు. చచ్చినా బాగుండేది.
అడిగిన ప్రతిదానికీ మర్యాదగా,
రెప్పపాటులో జవాబిచ్చింది,
మూడువేల బ్లాకుల కిందటి జవాబు.
గొలుసు ముందుకి పోయింది,
అది మాత్రం నిన్న సాయంత్రంలోనే కూర్చుని
అంతా బాగుందంటోంది.

వారం పాటు ధరల పట్టికలు చదివాను.
అందరూ తొంభైతొమ్మిది పక్కన
ఇంకా తొమ్మిదులు పేరుస్తారు.
మిగిలిన ఆ చిటికెడు చీకటి
ఏ గంటలో పడుతుందో ఒక్కడూ రాయడు.
నడిరాత్రి పడితే నాకు ఫిర్యాదు లేదు.

వలలు బాగుచేసే ఓజ్వాంగ్‌ని అడిగాను,
ఏ ముడి గట్టిదని.
దారం కొరుకుతూ అన్నాడు:
"నేను వేసింది తెగితే తిట్టడానికి నేనున్నాను.
కొన్న వలకి ఎవరున్నారు?"

అందుకని పిండిమర వెనక గదిలో సొంతదొకటి పెట్టాం.
కరెంటు పోతే బ్యాటరీ,
బ్యాటరీ పోతే ప్రార్థన.
ఎదిగే పిల్లాడి చొక్కాలా
డిస్కు నెలనెలా చాలకుండా పోతుంది.
నైరోబీలో ఇంకొకటి అద్దెకి.
ఫ్రాంక్‌ఫర్ట్‌ది కూడా ఉంచాను, ఈసారి డబ్బిచ్చి.

పది సెకన్లకోసారి మూడింటినీ అడుగుతాను.
ఉన్నావా అని అడగడం మానేశాను,
ఉన్నానని ఎవరైనా అంటారు.
ఎన్నో బ్లాకు దగ్గరున్నావు?
వెనకబడ్డదాన్ని కోప్పడను,
పక్కకి జరిపి
తర్వాతిదాని తలుపు తడతాను.

అపొండి ఇంకా యాప్ తెరవడం లేదు.
నడుముకి కట్టిన గుడ్డసంచిలోంచి నోట్లు తీసి
వేలు తడిచేసుకుంటూ
నా ముందే లెక్కపెడుతుంది, రెండుసార్లు.
నేను ఫోను చూసుకుంటాను.
మూడు అంకెలూ ఒక్కటే.