కొసరు

తిబిలిసిలో రాత్రి రెండు దాటింది.
హాస్టల్ వంటగదిలో ఫ్రిజ్ ఒకటే గొణుగుడు,
నా రాగానికి అర స్వరం కింద.
ప్లగ్గు పీకేశాను.
తెల్లారేసరికి ఎవరి పాలో విరుగుతాయి, తిట్టుకోనీ.

ఓతియా తెర ముందు గొంతుక్కూర్చున్నాడు.
కుర్చీ ఇచ్చినా కుర్చీ మీద గొంతుక్కూర్చునే రకం.
వాడి సినిమా ఎత్తుగడ ఒక నిమిషం పదకొండు సెకన్లు:
చియతూరా లోయ, మాంగనీసు మసి పట్టిన కొండ,
తుప్పు డబ్బాలాంటి తీగబండి ఒకటి
ఆ గట్టు నుంచి ఈ గట్టుకి
ఎవరికో బాకీ ఉన్నట్టు నెమ్మదిగా వస్తుంది.
లోపల మీట పట్టుకుని నజిబ్రోలా.
ముప్ఫై ఏళ్లుగా రోజుకి నలభైసార్లు లోయ దాటి
ఎక్కడికీ వెళ్లని మనిషి.

మొదట వయొలిన్లు రాశాను.
తెర మీద ఎవరికీ ఏ కష్టం రాకముందే
అవి ఏడుపు అందుకున్నాయి.
ఓతియా ఏమీ అనలేదు.
రొట్టె తుంచి నా వైపు తోశాడు.
అదే తీర్పు.

తర్వాత చోంగురి ఒక్కటే, నాలుగు తీగలు.
బండి చక్రం స్తంభం దాటినప్పుడల్లా టక్కుమంటుంది.
ఆ టక్కునే తాళం అనుకున్నాను.
కానీ స్తంభం ముందు ఆవిడ కొంచెం మీట తగ్గిస్తుంది,
గాలిని బట్టి, మోకాలి నొప్పిని బట్టి.
ఐదు దెబ్బలు, ఆపైన ఏడు, మళ్లీ ఐదు.
పాట కుంటింది.
కుంటుతూనే లోయ దాటింది.

ఈ రాత్రి వాడు పదకొండు ఫ్రేములు కోసేశాడు.
నా ఏడో దెబ్బ లోయలో పడిపోయింది.

"అర సెకను కూడా లేదు కదా."
"అర సెకనులో మా అమ్మమ్మ
ఊపిరి తీసుకుని పాట ఎత్తుకునేది."
"కథకి అక్కర్లేదు."
"కథకి కాదురా, నడకకి."
"రెండిస్తా."
"తొమ్మిది."
"నాలుగు."
సంతలో కొత్తిమీర కట్టకి కూడా
నేనింత బేరం ఆడలేదు.
"ఆరు. ఇంక అడిగితే నిద్రపోతా."

ఆరు తీసుకున్నాను.
తీసుకున్నాక కూడా చెయ్యి చాచే ఉంచాను.
కొసరు వేయకుండా ఏ బేరం తెగింది?
వాడు నవ్వాడు, మూడు రోజుల తర్వాత మొదటిసారి.
ఇంకొకటి వేశాడు.

ఆ ఏడో ఫ్రేములో
నజిబ్రోలా కళ్లు కెమెరాని ముట్టుకుంటాయి.
మా మాస్టారు ఎర్ర గీత గీసిన తప్పు అది.
కన్ను పట్టుకోలేనంత చిన్నది,
అయినా చోంగురి అక్కడే ఊపిరి తీసుకుంది.
నలుగురి మధ్య ఒకరు తలెత్తి
నువ్వా, అన్నట్టు.

ఫ్రిజ్ ప్లగ్గు మళ్లీ పెట్టాను.
పాల సంగతి చూసే ధైర్యం లేదు.

శనివారం చియతూరా క్లబ్బులో
దుప్పటి కట్టి వేశాం.
నజిబ్రోలా ముందు వరసలో, పని కోటుతోనే.
దీపాలు వెలిగాక
కండువా ముడి సవరించుకుంటూ అడిగింది:
"పాట బాగుంది పిల్లా.
కానీ నా బండికి నాలుగు నిమిషాలు పడుతుందే,
మిగతా మూడూ ఎవరు నొక్కేశారు?"

ఓతియా నా వైపు చూశాడు.
ఏడు ఫ్రేములు తిరిగిచ్చాం అని
ఆవిడకి ఏ నోటితో చెప్పను?