దిగుడుకు చార్జీ లేదు

మా నాయన ఎద్దులకు గడ్డి వెతికినట్టు
నేను ఈ ఆటోకు వాలు వెతుకుతా.

కణేకల్లు రోడ్డు మీద మా ఊరి నుంచి రాయదుర్గానికి
బస్సులో పొయ్యేటోళ్లకు దోవంతా చదునే.
కాదు.
చింతతోపు దాటినాక ఒకటుంది, కనీ కనబడని దిగుడు.
దానిమ్మ తోట కాడ ఇంకొకటి, కుక్క పరిగెత్తినంత.
దర్గా మలుపు తర్వాత పెద్దది,
పదకొండు కరెంటు స్తంభాల పొడుగు.
ఆడ ఇంజను ఆపి న్యూట్రల్లో ఇడిచిపెడితే
గాలి ఇనబడతాది,
ఎనక సీట్లో ఆడోళ్ల గుసగుస ఇనబడతాది,
ఇన్నాళ్లు ఇంజను మోతలో దాక్కున్న
నా అప్పుల లెక్క కూడా ఇనబడతాది.

బంకులో పిల్లోడు "జీరో చూసుకోన్నా" అంటాడు.
జీరో చూస్తా.
దాని తర్వాతది చూడబుద్ధి కాదు.
ఒకప్పుడు ట్యాంకు నింపు అంటాంటి,
తర్వాత రెండు లీటర్లు అంటి,
ఇప్పుడు లీటర్ల మాటే ఎత్తను, నూటికి పొయ్యి అంటా.
నూరు నూరే.
లోపల పడేదే చిక్కిపోతాండాది.
గేజి చెడిపోయి చానా దినాలయింది.
రాత్రి పండుకోబొయ్యే ముందు బండిని అటూ ఇటూ ఊపి చూస్తా,
టెంకాయ ఊపి నీళ్లు చూసినట్టు.

దూదేకుల పకీరప్ప ఒక ఉపాయం చెప్పినాడు.
మొలకాల్మూరు తట్టు బార్డరు దాటితే
లీటరుకు ఏడెనిమిది రూపాయలు తక్కువంట.
ఒక ఆదివారం ఇద్దరం పోతిమి, నూనె క్యాన్లు కడుక్కొని.
బంకాయన "ఎష్టు?" అన్నాడు.
మా కన్నడం, మా దుడ్లు ఒకటే,
రెండూ కొంచెమే.
తిరిగొచ్చి అరుగు మీద కూచొని లెక్కేస్తే
బండి తాగింది పోను
మిగిలింది రెండు టీల దుడ్డు.
టీలు తాగేసినాము.
"ఉపాయం మంచిదేలే" అన్నాడు పకీరప్ప,
గ్లాసు అడుగున చక్కెర నాకుతా.

పోయిన నెల పది ఉండే చార్జీ పదైదు చేసినాము.
ఆటోలోళ్లందరం ఒకటే మాట.
చెప్పేటప్పుడు మాత్రం ఎవురం ఎవురి మొగం చూడలే.
రోజూ ఎక్కేది జీన్సు ప్యాంట్లు కుట్టే ఆడోళ్లు,
వాళ్ల ఏలికొసలకు ఎప్పుడూ ఆ నీలమే.
నేను పెంచిన ఐదు రూపాయలకు ఎన్ని జిప్పులు కుట్టాలనో
వాళ్లకు తెలుసు.
నేను అడగలే.
హొన్నూరమ్మ కూడా ఏమీ అనలే.
మరుసటి దినం నుంచి నడిచింది.

రోజూ ఆమెను దాటుకొని పోతాంటి.
హారను కొట్టాలంటే సిగ్గు, కొట్టకుంటే భయం.

మొన్న దర్గా మలుపు కాడ ఇంజను ఆపి
చప్పుడు లేకుండా పక్కకు పోయినా.
ఉలిక్కిపడి క్యారియరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చింది.
"ఎక్కు."
"పదైదు ల్యా."
"ఇంజనే తిరగడం ల్యా. దిగుడుకు చార్జీ లేదు."
ఎగతాళేమోనని నా మొగం చూసింది.
ఎక్కింది.

పదకొండు స్తంభాలు.
టైర్ల కింద కంకర ఒక్కటే,
శనక్కాయలు ఒలిచినట్టు చిటచిట.
పన్నెండో స్తంభం కాడ బండి బరువెక్కి నిలబడింది.
నేను తాళం తిప్పకముందే ఆమె దిగింది.
"ఇక్కన్నుంచి నీ పెట్రోలు" అని
కొంగు దోపుకొని నడిచిపోయింది.

ఇప్పుడు రోజూ అంతే.
మలుపు కాడ నిలబడి ఉంటాది,
నాకోసం కాదన్నట్టు తోట వైపు చూస్తా.
పదైదు ఇచ్చి కూచున్నోళ్లలో ఒక్కరూ అడగలే,
ఆమెకెందుకు ఊరికే అని.
జరుగుతారు, అంతే.
నిన్న మాత్రం సుంకమ్మ అనింది:
"ఈ దిగుడు ఇంకో రెండు స్తంభాలు ఉంటే ఏం పోయిండె?"

ఈ పొద్దు బండి
పన్నెండో స్తంభం దాటి ఏడెనిమిది అడుగులు పోయింది.
ఎవురూ గమనించలే.
తెల్లారుజామున బంకులో
టైర్లకు కొంచెం ఎక్కువే కొట్టించుకొచ్చినా.
గాలి ఇంకా ఊరికేనే.