ఆఖరి బండి

హన్మకొండ బస్టాండుల
ఎంక్వయిరీ కొమురెల్లి సుద్దతోని రాసే టైములన్నీ
మూడు రాత్రులు కూసోని ఎక్కించిన.

పైస కిరాయి లేని జాగ.
ఫైళ్లు రిపాజిటరీల పెడితే చాలు,
పేజీ దానంతటదే లేస్తదన్నరు.
లేవలే.
నాలుగొందల నాలుగు, దొరకలేదని
తెల్లమొఖం ఏసుకొని నిలబడ్డది.
ఇండెక్సుల మొదటి అక్షరం పెద్దది పడ్డది, గంతే.
చిన్నది చేసి పంపిన. చాయ్ సల్లారక ముందే
పచ్చ టిక్కు.

కొమురెల్లికి ఫోన్ల చూపెట్టిన:
పరకాల, నర్సంపేట, ములుగు...
నెత్తి మీది అద్దాలు కండ్ల మీదికి దించి
వరుస వరుసకు వేలు జరుపుకుంట సదివిండు.
"ఎనిమిది పదికి ఏటూరునాగారం ఆఖరి బండి
సోమారం సంది బందైంది. తీసెయ్యి."

తీసేసిన. కమిట్ల కారణం రాసిన.
"ఇగో సూడు, తీసిన వరుస ఎర్రగ ఉంటది,
ఏ రోజు తీసిన్నో గూడ."
"తుడిసినా పోదా?"
"పోదు."

సుద్ద చెయ్యి అంగీకి రాసుకొని
ఇరవై రెండేండ్ల బోర్డు దిక్కు సూసిండు.
"మంగపేట సర్వీసు ఒకటుండె, పొద్దుగూకాల ఐదింటికి.
అది ముందుగాల రాయి," అన్నడు,
"రాసి, తియ్యి."