గడియ

పలాస డిపోలో ఇరవై తొమ్మిదేళ్లు టిక్కెట్లు కొట్టాను.
సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం,
ఇటు మందస, అటు టెక్కలి,
నా దేశపటం అంతే.
ఇవాళ శ్రీకాకుళంలో, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర
మేడమెట్ల కింద కొట్లో
ఏజెంటు కుర్రాడు అడిగాడు, "ఎక్కడికండీ?"
"రంగం" అన్నాను.
వాడికి అర్థం కాలేదు.
మా నాయనమ్మ నాటికి చంటిపిల్లలు కూడా ఎరిగిన ఊరది.
అప్పయితే రంగం, అలిగితే రంగం,
కరువొస్తే ఓడెక్కి ఊరు ఊరంతా రంగం.

కంప్యూటర్లో దానికి వేరే పేరుంది.
కలకత్తా దాకా రైలు, అక్కణ్ణుంచి విమానం,
ఆపైన మోల్మీన్‌కి రాత్రి బస్సు.
"ఆ బస్సు ఎన్ని స్టాపులాగుద్ది?"
"మేడమ్, అక్కడ గొడవలు. ఈ యేడు వద్దు."
బాబూ, టిక్కెట్టు వెనక రాసిచ్చిన చిల్లర
దిగేలోపు ఇచ్చెయ్యాలి.
ఇది ఎనభై ఏడేళ్ల కిందటి చిల్లర.

మా తాత కొర్ల ముఖలింగం.
బియ్యపు మిల్లులో పనికని పోయాడు.
బాంబులు పడ్డ యేడాది
అడవుల్లోంచి నడిచొచ్చినవాళ్లలో లేడు.
మూడేళ్లు చూసి, దర్భబొమ్మ చేసి కాల్చి
నాయనమ్మ గాజులు బారువ ఇసుకలో చితక్కొట్టారు.
అసిరమ్మ ఆమె పేరు. అప్పటికి పాతికేళ్లు లేవు.
నాకు తెలిసి ఆమె రాత్రిళ్లు తలుపు దగ్గరకేసి పడుకునేది.
కుక్కలొస్తాయని నాన్న గడియ పెడితే
లేచెళ్లి తీసేసేది.
ఉక్కపోత, అనేది. పుష్యమాసంలో కూడా.

నిరుడు జీడిపిక్కల బేరానికి పోయిన
కాశీబుగ్గ షావుకారు ఫోన్లో ఫొటో తెచ్చాడు.
గోడకి పటం. పటం కింద తెలుగు అక్షరాలు:
బారువ ముఖలింగం.
మా నాన్న ముక్కు. మా నాన్న చెవులు.
లుంగీ మాత్రం వాళ్ల కట్టు.
డెబ్బై ఒకటి దాకా బతికాడట. నలుగురు పిల్లలట.
బతికున్న మనిషికి పాతికేళ్లు పిండాలు పెట్టాం.
కాకులు తిన్నాయి కూడా.

అబద్ధమెందుకు, ముందు కోపమే వచ్చింది.
నాయనమ్మ పడాల్సిన కోపం
ఆవిడ ముట్టకుండా వదిలిపోయింది,
వాటాకి నాకొచ్చింది.
మూడు నెలలు వాళ్ల ఫోనెత్తలేదు.

ఎత్తిన రోజు, తెరమీద ఖిన్ హ్లా.
వరసకి మేనత్త. డెబ్బై ఆరు.
పక్కన మనవడు. వాడి ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపితే
బస్సు బోర్డు మీద పట్టేంత.
నాన్న నేర్పిన మంత్రమొకటుంది, అంది అత్త,
పున్నమి పున్నమికీ బుద్ధుడి ముందు
దీపం పెట్టి ఇంటిల్లిపాదీ చదువుతాం,
అర్థం ఎవరికీ తెలీదు.
కళ్లు మూసి, చేతులు జోడించి

"అసియీ, తలు గయియ ఎయ్యకూ, ఆలిసెమౌదీ"

వెనక నించున్న పిల్లలు కూడా అందుకున్నారు.

అసిరీ, తలుపు గడియ ఎయ్యకు, ఆలిస్సెమవుద్ది.

ఫోను మంచమ్మీద బోర్లించి
పెరట్లోకి పోయి, ఊరికే బాల్చీలో నీళ్లు పట్టాను.
తిరిగొచ్చేసరికి వాళ్లింకా లైన్లోనే ఉన్నారు.
అసియీ ఏ దేవత? అడిగింది అత్త.
మా ఊరి పొలిమేరలో అసిరితల్లి ఉంది, అబద్ధం కాదు.
"ఊరి అమ్మవారు" అన్నాను.
మిగతాది ఫోన్లో చెప్పే సంగతి కాదు.

అందుకే ఈ కుర్చీ, ఈ ఫారం, ఈ వేలిముద్రలు.
జీడిపప్పు రెండు కిలోలు, తాటితాండ్ర ఒక చుట్ట,
అత్తకి పొందూరు చీర.
ఇల్లు పడగొట్టినప్పుడు తలుపు అమ్మేశాం,
గడియ దాచాను.
ఉప్పుగాలికి తుప్పు పట్టింది గానీ
ఎక్కడా అరగలేదు.
"ఇనుము పోనిస్తారా బాబూ విమానంలో?"
సంచిలోంచి తీసి బల్లమీద పెడితే
కుర్రాడు ఏమనుకున్నాడో, చేతిలోకి తీసుకుని
అటూ ఇటూ జరపబోయాడు.
కదల్లేదు.
"కొబ్బరినూనె రాయాలండీ" అన్నాడు.