ఇరవై గ్రాముల అభిప్రాయం

కొత్తవాడ పోస్టాఫీసు గోడకు
నోటీసు అంటించిండ్రు:
విదేశీ పార్సిల్ రేట్ల మీద
ప్రజలు ముప్పై రోజుల్లో అభిప్రాయం చెప్పాలట.
ఇరవై ఆరో రోజు
ఓదెలు మామ చదివించుకున్నడు.

జర్మనీకి పోయే జంపఖానా
తూకమేసినప్పుడల్లా
నేసిన కూలి కన్నా టికెట్లే బరువు.

"రాయి బిడ్డా,
మగ్గం గుంతలకెల్లి చెప్తున్ననని రాయి.
నేను పోగు పోగుకు లెక్క చెప్త,
వాళ్లను గ్రాము గ్రాముకు చెప్పమను."

రాసిన. చదివి వినిపించిన.
జరసేపాగి,
"కింద తమ విధేయుడు అని పెట్టకు,
అడిగింది వాళ్లే గద" అన్నడు.

కౌంటర్ల తూకమేస్తే
సరిగ్గ ఇరవై గ్రాములు.
ఐదు రూపాయల టికెట్.
ముద్ర గట్టిగనే గుద్దిండ్రు.

ఇప్పుడు మామ రోజూ
నూలుకు పోతూ పోతూ
గోడ మీది నోటీసు
ఊడిందా అని చూసొస్తడు.