వాన ఆగిన భాగం

ఇరవై రెండు నిమిషాల ఆఖరి భాగాన్ని
నాలుగు రోజులు చూశాను.

మొదటి రోజు ఎన్ఏడీ కొత్తరోడ్డు దాకా.
రెండో రోజు, కూర్మన్నపాలెం దగ్గర
ట్రాము మలుపు తిరుగుతుంటే
వేలు పెట్టి ఆపేశాను.
మా కంపెనీ బస్సు ఆగలేదు గానీ
ఆ ఊరి ట్రాము మాత్రం
నా అరచేతిలో, సగం మలుపులో,
ఒక రాత్రంతా తడుస్తూ నిలబడింది.
మూడో రోజు ఫోను తియ్యనేలేదు.
అదీ చూడటం కిందే లెక్క.

పెద్ద కథేం కాదు.
ఎప్పుడూ వాన కురిసే ఊరు.
ట్రాములో జనం మర్చిపోయిన గొడుగులు.
విరిగిన ఊచలు సరిచేసి
ఎవరివి వాళ్ళకి ఇచ్చొచ్చే ఒక బొమ్మల పిల్ల.
పేరు సుమి.
మా ఎనిమిదో తరగతి తెలుగు మాస్టారు
ప్రతి మాటకీ చివర తగిలించే "సుమీ" లాంటిదే,
అందుకే మొదటి రోజే చుట్టమైపోయింది.

నా ఫోన్లోకి ఎక్కించింది నూకరత్నం,
నేను అచ్యుతాపురంలో చేరిన రెండో వారం.
కాలర్ల వరసలో తను,
చొక్కాల ఎడమ చేతుల వరసలో నేను.
బస్సులో ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో
ఇంకోటి నా చెవిలో.
ఆరేళ్ళు.
పెళ్ళయి తను పాయకరావుపేట పోయాక
రెండు చెవులూ నావే అయ్యాయి.
వాన రెండు వైపులా వినబడింది.

నాలుగో రోజు పెదజాలరిపేటలో,
మా మేడ మీద చూశాను,
అమ్మ ఎండు నెత్తళ్ళు గోనెలోకి ఎత్తుతుంటే.
హార్బరు బయట వంతు కోసం ఆగిన ఓడలు
ఒక్కొక్కటే దీపాలు వేసుకుంటున్నాయి.

ఆఖరి గొడుగు ఎవరిదో తేలలేదు.
సుమి దాన్ని విప్పి
ఖాళీ సీటు మీద పెట్టి దిగిపోయింది.
తలెత్తింది.
వాన లేదు.

అంతే.

ఎప్పుడూ దాటేసే పేర్లను
ఆ రోజు దాటెయ్యలేదు.
నాకు చదవరాని అక్షరాలు
నల్లటి తెర మీద చీమల్లా పైకెక్కిపోతుంటే
వీళ్ళలో ఎవరో ఒకరు ఆరేళ్ళూ
ఉత్త వానచుక్కలే గీసి ఉంటారనిపించింది,
నేను ఎడమ చేతులే కుట్టినట్టు.
ఆ చొక్కా ఏ దేశంలో ఏ భుజం మీదుందో నాకు తెలీదు.
తన చుక్కలు ఏ బస్సులో పడ్డాయో ఆ మనిషికీ తెలీదు.
రేపట్నుంచి ఏం గీస్తారు?
ఎండనా?

"ఏటే గుంటా, ఎవులు పోనారు?"
చేపల చేత్తోనే నా గడ్డం ఎత్తింది అమ్మ.
"ఎవులూ పోలేదమ్మా. అయిపోనాది."
"ఏటయిపోనాది?"
"ఆ గొడుగుల పిల్ల కత."

అమ్మ కాసేపు ఫోను వైపు చూసింది.
"మరి ఆ కుంటి ముసిలోడి గొడుగు ఇచ్చీసిందా?"

ఇచ్చేసింది. రెండేళ్ళ కిందటే.
శనివారం రాత్రుళ్ళు నా వెనక కూర్చుని
వల బాగుచేసుకుంటోందనుకున్నాను.

"ఇంకైతే ఆకర్నేటయింది?"
"వాన ఆగిపోనాది."
"ఆగితే మంచిదే గదే," అంది
గోనె మూతి బిగిస్తూ,
"సేపలెండుతాయి."

నవ్వొచ్చింది. ముక్కు చీదుకుంటూ నవ్వాను.

నూకరత్నానికి మెసేజ్ పెట్టాను: చూసీశావా?
రెండు గీతలు నీలమయ్యాయి.
ఏదో రాస్తున్నట్టు కనబడింది, ఆగింది,
మళ్ళీ రాస్తున్నట్టు కనబడింది.
ఏమీ రాలేదు.

అర్ధరాత్రి దాటాక ఒక వాయిస్.
పదకొండు సెకన్లు.
మాట లేదు.
వాళ్ళ రేకుల మీద వాన.

ఇక్కడ చుక్క లేదు. ఉక్కపోత.
దూరంగా కొండ మీద లైట్‌హౌసు
ఎవరినో వెతుకుతూ తిరుగుతోంది.
ఒక ఇయర్‌ఫోన్ తీసి
పక్క దిండు మీద పెట్టి
రెండోది చెవిలో పెట్టుకున్నాను.
మళ్ళీ మొదట్నుంచి విన్నాను.