పంటి బిగువు

హెల్దుర్ మళ్ళీ వచ్చాడు.
కుర్చీలో వెనక్కి వాలకుండా, అంచున కూచుని,
టోపీని మోకాలి మీద బోర్లించాడు.
"కొరికినప్పుడు కాదు," అన్నాడు,
"కొరికి వదిలేటప్పుడు."

ఏప్రిల్లో ఆ పన్ను నింపింది మేమే.
అబ్రుకా దీవికి ఆఖరి పడవ నాలుగింటికి.
మూడున్నరకి డాక్టర్ విర్వే
గుంత మొత్తాన్ని ఒకే ముద్దతో పూడ్చింది.
నేను నీలం దీపం పట్టి ఇరవై లెక్కపెట్టాను.
తళతళలాడింది. ముగ్గురం సంతోషించాం.
చెంప ఇంకా మొద్దుబారి ఉండగానే
రేవుకి పరుగెత్తాడు.

ఎక్స్‌రేలో ఏమీ లేదు.
పుప్పి లేదు, పగులు లేదు, చీము లేదు.
ఉన్నదల్లా బిగువు.
బిగువుకి నీడ పడదు.

నేను డాక్టర్ని కాను, దీపం పట్టేదాన్ని.
పదకొండేళ్ళు పక్కన నిలబడితే తెలిసింది ఇది:
ముద్ద మెత్తగా ఉన్నంతసేపూ
అందులోని అణువులు ఎవరి దారిన అవి,
సంతలో జనంలా, ఎడం ఎడంగా.
వెలుగు తగలగానే చేతులు పట్టుకుంటాయి.
చేతులు పట్టుకున్నాక అంత చోటు అక్కర్లేదు.
తగ్గేది నూటికి రెండు పాళ్ళు, మహా అయితే మూడు.
కానీ అప్పటికే జిగురు
నాలుగు గోడల్నీ, అడుగునీ పట్టేసుకుంది.
ఇది ముడుచుకోవాలంటుంది, అవి వదలమంటాయి.
జిగురు ఓడితే అంచున సన్నటి తెల్లగీత.
గెలిస్తే పన్నే లోపలికి వంగుతుంది
వెంట్రుక మందంలో ఏ నాలుగో వంతో.
ఆ నాలుగో వంతుని
మూడు వారాలు పంటి బిగువున భరించి,
రై రొట్టెని ఎడమవైపే నమిలి,
ఇవాళ వచ్చాడు.

విర్వే కాగితం మీద పెట్టె గీసింది.
"ఐదు వైపులా అంటుకుంది, ఒక్క వైపే ఖాళీ.
తప్పు నాదే."
ఆయన బొమ్మని తిప్పి చూశాడు.
పడవలు చేసే చేతులు, గోళ్ళ కింద తారు.
"పలక రెండంచులకీ మేకులు కొట్టారన్నమాట.
పచ్చి పలక ఎండితే చిక్కిపోతుంది కదా,
రెండు వైపులా బిగిస్తే ఎటు పోతుంది పాపం?
నడిమికి చీలుతుంది.
ఒక అంచు దానికే వదిలేయాలి.
మా నాన్న నేర్పింది ఇదొక్కటే, అదీ తిడుతూ."

విర్వే ఏమీ అనలేదు.
తొడుగులు మార్చుకుంది.
నేను గడియారాన్ని గోడవైపు తిప్పాను.

పాతదంతా తొలిచాం.
ఈసారి గోధుమ గింజంత ముద్ద,
ఒక గోడకి ఏటవాలుగా,
ఎదుటి గోడని తాకనీకుండా.
దీపం మొదట మందంగా, దూరం నుంచి,
తర్వాతే పూర్తిగా.
ఇరవై.
ఇంకో గింజ, ఇటు గోడకి.
ఇరవై.
ప్రతి గింజకీ ముడుచుకోడానికి
ఒక వైపు గాలి.
నారింజరంగు అద్దం వెనక లెక్కపెడుతూ
ఐదో గింజకి, పదమూడు దగ్గర,
మా అక్క గుర్తొచ్చింది, ఎందుకో.
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాను.
తొమ్మిది గింజలు పట్టింది.

నోరు కడుక్కుని ఆయన అడిగాడు:
"ఇది నీళ్ళు తాగుతుందా?"
విర్వే ఆశ్చర్యపోయింది.
"తాగుతుంది. కొద్దిగా. వారాల తరబడి.
కాస్త ఉబ్బుతుంది,
మిగిలిన బిగువు కొంత సడలుతుంది."

"అయితే సరే," అన్నాడు.
శీతాకాలమంతా షెడ్డులో ఎండిన పడవ
పలకల సందులు విచ్చుకుంటాయట,
మే నెలలో రాళ్ళు నింపి
ఒడ్డునే ముంచేస్తారట.
చూసేవాళ్ళకి పాడైపోయిన పడవ.
అది తాగుతుంటుంది, అంతే.
సందులు వాటంతటవే మూసుకుంటాయి.
"నాది ఇప్పుడు మునిగే ఉంది," అన్నాడు,
బిడ్డ నిద్రపోతోందని చెప్పినట్టు.

నాలుగింటి పడవ వెళ్ళిపోయింది.
రాత్రికి మేనల్లుడి దగ్గర ఉంటానని
టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.
దీపం కొన తుడుస్తుంటే తెలిసింది,
మధ్యాహ్నం నుంచీ
నా దవడలు కరుచుకునే ఉన్నాయని.
కిటికీ దగ్గరకెళ్ళి
నోరు కొంచెం తెరిచి నిలబడ్డాను,
ఎవరూ చూడకుండా.